వేలు తెగిన రోజున వాడు ఎవరి మనిషి?

మధ్యాహ్నం మూడింటికి ఫోన్ వచ్చింది. ఆరు నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కి వెళ్లిన మా డిప్లొమా మెకానికల్ కుర్రాడికి, రేకును ఒత్తి కోసే పవర్ ప్రెస్ దగ్గర కుడిచేతి చూపుడు వేలు తెగింది. కొసన ఒక కణుపు పోయింది. నేను ఆసుపత్రికి వెళ్లేసరికి కంపెనీ హెచ్‌ఆర్ ఆయన బిల్లు కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే ఆయన అన్న మొదటి మాట: "మీ స్టూడెంటే కదండీ, కాలేజీ ఇన్సూరెన్స్ ఏమీ లేదా?" మా కాలేజీ ఆఫీసుకు ఫోన్ చేస్తే అటు నుంచి, "ట్రైనింగ్‌లో ఉన్నాడు కదా సార్, కంపెనీయే చూసుకోవాలి" అన్నారు. కుర్రాడి తండ్రి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "ఇంతకీ మావాడు ఎవరి మనిషి సార్?" అని అడిగాడు.

ఆ రోజు ఆయనకు సరైన జవాబు చెప్పలేకపోయాను. తర్వాత చట్టాలు తిరగేసి, లేబర్ ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. పిల్లల్ని ట్రైనింగ్‌కి పంపే లెక్చరర్లకూ తల్లిదండ్రులకూ పనికొస్తుంది. వెళ్లే పిల్లలకైతే ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

తిరగగా తెలిసిందేమిటంటే, కంపెనీ గేటు లోపల నిలబడ్డ విద్యార్థికి చట్టం ఒక్కటే పేరు పెట్టలేదు. వాడు ఏ కాగితం మీద లోపలికి వెళ్లాడన్నదాన్ని బట్టి పేరు మారుతుంది, పేరుతో పాటు హక్కులూ మారతాయి. అదే మిషను, అదే వేలు, అదే రక్తం. కాగితం వేరైతే వచ్చే డబ్బు వేరు, జవాబు చెప్పాల్సిన మనిషి వేరు.

ఆ కాగితాలు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది అప్రెంటిస్ ఒప్పందం. ఇది 1961 అప్రెంటిస్ చట్టం కింద ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యేది. రెండోది కాలేజీ ఇచ్చే లెటర్. "మా విద్యార్థికి సిలబస్‌లో భాగంగా శిక్షణ ఇవ్వగలరు" అని రాసి సీలు వేసి పంపుతాం కదా, అదే. ఇంటర్న్‌షిప్‌లూ ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌లూ ప్రాజెక్ట్ వర్కులూ చాలావరకు దీని మీదే నడుస్తాయి. మూడోది కంపెనీ తనంతట తాను ఇచ్చే "ట్రైనీ" లెటర్. పేరు ట్రైనీ, చేయించేది మాత్రం మామూలు ఉద్యోగి పని. మా కుర్రాడిది రెండో రకం.

కార్మికుడు కాదంటూనే కాపాడే చట్టం

అప్రెంటిస్ చట్టం సెక్షన్ 18 చదివితే మొదట గుండె జారుతుంది. అప్రెంటిస్ శిక్షణార్థే తప్ప కార్మికుడు కాడు, కార్మిక చట్టాలు అతనికి వర్తించవు అని అందులో సూటిగా ఉంది. చాలా కంపెనీలు ఈ ఒక్క వాక్యాన్నే పట్టుకుని "అప్రెంటిస్‌కి ఏమీ రాదు" అంటాయి. అది సగం నిజం. అదే చట్టంలో నాలుగు సెక్షన్లు వెనక్కి వెళ్తే అసలు సంగతి కనిపిస్తుంది.

సెక్షన్ 14 ప్రకారం, ఫ్యాక్టరీలో శిక్షణ పొందే అప్రెంటిస్‌కి ఆరోగ్యం, భద్రత, సంక్షేమం విషయంలో ఫ్యాక్టరీల చట్టంలోని అధ్యాయాలు కార్మికుడికి వర్తించినట్టే వర్తిస్తాయి. సెక్షన్ 16 ప్రకారం, శిక్షణ వల్ల, శిక్షణ సమయంలో ప్రమాదం జరిగి దెబ్బ తగిలితే పరిహారం యజమానే ఇవ్వాలి. ఎంత ఇవ్వాలో 1923 నాటి పరిహార చట్టం సూత్రం చెబుతుంది. అంటే జీతం, బోనస్, యూనియన్ లాంటి విషయాల్లో కార్మికుడు కాదు కానీ, ఒంటికి దెబ్బ తగిలిన విషయంలో కార్మికుడితో సమానం. నాకైతే ఇది తెలివైన ఏర్పాటే అనిపిస్తుంది. చిక్కల్లా దీని సంగతి ఎవరూ పిల్లలకు చెప్పకపోవడమే.

మా కుర్రాడు అప్రెంటిసే అయ్యుంటే ఎంత వచ్చేదో, ఆ సూత్రాన్ని వాడి వేలుకు వేసి చూద్దాం. వాడికి 19 నిండాయి. డిప్లొమా చదువుతూ అప్రెంటిస్‌గా చేరితే 2019 నిబంధనల ప్రకారం నెలకు కనీస స్టైపెండ్ 7,000 రూపాయలు. అప్రెంటిస్ విషయంలో పరిహార చట్టం స్టైపెండ్‌నే జీతంగా తీసుకుంటుంది. పూర్తి శాశ్వత వైకల్యానికి జీతంలో 60 శాతాన్ని వయసుకు తగ్గ గుణకంతో హెచ్చించాలి. 19 ఏళ్లకు ఆ గుణకం 225.22. 4,200ని దాంతో హెచ్చిస్తే 9,45,924 రూపాయలు. చూపుడు వేలు ఒక కణుపు పోతే సంపాదన శక్తిలో 9 శాతం పోయినట్టు షెడ్యూల్‌లో రాసి ఉంది. పూర్తి వేలు పోతే 14 శాతం. ఎముక తగలకుండా కొస మాత్రమే తెగితే 5. మావాడి లెక్క 9 శాతం, అంటే 85 వేల పైచిలుకు. ప్రాణమే పోతే జీతంలో సగాన్ని అదే గుణకంతో హెచ్చించాలి. అప్పుడు 7.88 లక్షలు.

ఒక కణుపుకు 85 వేలు ఎక్కువా తక్కువా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. కానీ ఈ డబ్బు ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడదు. కంపెనీ తప్పు చేసిందని నిరూపించాల్సిన పని కూడా లేదు. శిక్షణ వల్ల, శిక్షణ సమయంలో జరిగిందని చూపిస్తే చాలు.

ఇందులో ఒక మెలిక ఉంది. కార్మికుడు కావాలని భద్రతా ఆదేశాన్ని ధిక్కరించినా, చెయ్యి లోపలికి వెళ్లకుండా మిషనుకు అడ్డుగా ఉండే గార్డును కావాలని తీసేసినా, దానివల్లే దెబ్బ తగిలితే చిన్న గాయాలకు యజమాని బాధ్యత తప్పించుకోవచ్చు. చనిపోయినా పూర్తి శాశ్వత వైకల్యం వచ్చినా మాత్రం ఈ సాకు చెల్లదు. మా హెచ్‌ఆర్ ఆయన రెండో రోజే అందుకున్న పల్లవి ఇదే: "గార్డు తీసి పనిచేశాడండీ." కుర్రాణ్ణి అడిగితే, "తీసింది నేను కాదు సార్, నేను చేరిన రోజు నుంచీ ఆ ప్రెస్సుకు గార్డు లేదు. గార్డు ఉంటే గంటకు అన్ని పీసులు రావని సూపర్‌వైజర్ గారే అన్నారు" అన్నాడు. "కావాలని" అన్న మాట ఇక్కడ చాలా బరువైనది. పై అధికారి చెబితే, అందరూ అలాగే చేస్తుంటే, మూడు వారాల క్రితం చేరిన పిల్లాడు కావాలని ధిక్కరించాడని అనడం అంత తేలిక కాదు.

గంటకు ఎన్ని పీసులు అన్న లెక్క అసలు అప్రెంటిస్ దగ్గరికే రాకూడదు. పీసు లెక్కన డబ్బు ఇవ్వకూడదని, ఉత్పత్తి బోనస్ పథకాల్లో చేర్చకూడదని సెక్షన్ 13లోనే ఉంది. అరవై ఏళ్ల క్రితం ఆ వాక్యం రాసినవాళ్లు ప్రెస్ షాపుల్ని దగ్గరగా చూసినవాళ్లే అయుంటారని నా అనుమానం. లెక్క మొదలైన చోట గార్డు ఊడుతుంది. ఓవర్‌టైమ్ సంగతీ అంతే. ప్రభుత్వం నియమించే అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి లేకుండా చేయించకూడదు, ఆయన కూడా శిక్షణకో ప్రజా ప్రయోజనానికో అవసరమైతేనే ఒప్పుకోవాలి. శిక్షణతో సంబంధం లేని పని చేయిస్తే ప్రతి సందర్భానికీ 1,000 రూపాయల జరిమానా. 2014 సవరణలో జైలు శిక్ష తీసేశాక మిగిలింది ఇదే. వెయ్యి రూపాయలకు భయపడే కంపెనీ ఏదో నాకు తెలియదు.

ఇక్కడ ఒక్క మాట. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఫ్యాక్టరీల చట్టం వృత్తిపర భద్రత కోడ్‌లో, పరిహార చట్టం సామాజిక భద్రత కోడ్‌లో కలిసిపోయాయి. అప్రెంటిస్ చట్టాన్ని మాత్రం రద్దు చేయలేదు, అది విడిగానే ఉంది. అందులో పాత చట్టాల పేర్లు కనిపించిన చోట వాటి స్థానంలో వచ్చిన కోడ్‌ను చదువుకోవాలి. 1897 జనరల్ క్లాజుల చట్టం పెట్టిన పద్ధతి అది. కాబట్టి "పాత చట్టాలు పోయాయి, అప్రెంటిస్‌కి ఇంకేమీ లేదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. స్టైపెండ్ అంకెలు కూడా కదులుతున్నాయి. కనీస స్టైపెండ్‌ను 36 శాతం పెంచమని కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 2025 మేలో సిఫారసు చేసింది. చేరే రోజున ఒప్పందంలో ఏ అంకె వేశారో చూసుకోవాలి, ఎందుకంటే రేపు పరిహారం లెక్క కూడా ఆ అంకె మీదే కట్టాలి.

లెటర్ మీద వెళ్లినవాడి సంగతి

ఇప్పుడు మా కుర్రాడి అసలు కాగితానికి వద్దాం. అది కాలేజీ లెటర్. దాని మీద వెళ్లిన విద్యార్థి అప్రెంటిస్ కాదు, కాబట్టి సెక్షన్ 14 లేదు, 16 లేదు. ఉద్యోగి అందామంటే జీతం లేదు, నియామక పత్రం లేదు. "ఇంటర్న్" అంటే ఎవరో నిర్వచించి, వాడి ఒంటికి రక్షణ రాసిపెట్టిన ప్రత్యేక చట్టం మనకు లేదు. చదువులో మాత్రం ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ విద్యార్థులకు పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు, పాలిటెక్నిక్‌లలో ఆరు నెలల ట్రైనింగ్ ఉంది, ఇంజినీరింగ్‌లో క్రెడిట్లు ఉన్నాయి. లక్షల మందిని గేటు దాకా తీసుకెళ్లి వదిలే నిబంధనలు వచ్చాయి. గేటు లోపల వాళ్లు ఎవరు అన్న ప్రశ్న దగ్గర అందరూ తలో దిక్కు చూస్తున్నారు.

అలాగని ఏ దారీ లేదని కాదు. కాగితం మీద ఏ పేరున్నా, కోర్టులు అసలు జరుగుతున్నదేమిటో చూస్తాయి. హాజరు పట్టీలో సంతకం చేయించుకుని, షిఫ్టులో వేసి, ఉద్యోగి చేసే పనే చేయించుకుని, నెలకు ఎంతో కొంత ఇస్తుంటే వాడు నిజానికి ఉద్యోగే అని వాదించవచ్చు. మూడో రకం "ట్రైనీ"లకు ఈ వాదన బలంగా నిలుస్తుంది. పైసా ఇవ్వని ఇంటర్న్‌షిప్‌లో అంత తేలిగ్గా నిలవదు. అక్కడ మిగిలేది నిర్లక్ష్యం కింద వేసే సివిల్ దావా. దాంట్లో తప్పు ఎవరిదో, ఎంతో నిరూపించాలి. ఏళ్లు పడుతుంది.

నిర్లక్ష్యం లెక్కలో కాలేజీ తప్పించుకోగలదా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు బియాస్ నది ప్రమాదం గుర్తొస్తుంది. 2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి ఇండస్ట్రియల్ టూర్‌కి వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది హిమాచల్‌లో లార్జీ డ్యామ్ నీళ్లు వదలడంతో కొట్టుకుపోయారు. ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయలు చెల్లించాలని హిమాచల్ హైకోర్టు 2016 జనవరిలో తీర్పు ఇచ్చింది. ఆ మొత్తాన్ని ముగ్గురికి పంచింది: విద్యుత్ బోర్డు 60 శాతం, కాలేజీ 30 శాతం, రాష్ట్ర ప్రభుత్వం 10 శాతం. నీళ్లు వదిలింది కాలేజీ కాదు. అయినా పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లినందుకు, అక్కడ జాగ్రత్త చూడనందుకు దాని వాటా దానికి పడింది. "క్యాంపస్ బయట జరిగింది, మాకు సంబంధం లేదు" అనే ప్రిన్సిపాళ్లు ఆ 30 అంకెను గోడకు రాసుకోవాలి.

"కంపెనీకి బాధ్యత లేదు" అని రాయించుకున్న కాగితం

ట్రైనింగ్‌కి ముందు పిల్లల చేత రాయించుకునే అండర్‌టేకింగ్ ఒకటుంటుంది. "శిక్షణ కాలంలో ఏ ప్రమాదం జరిగినా కంపెనీకి గానీ కళాశాలకు గానీ బాధ్యత లేదు. నా ఇష్టపూర్వకంగా వెళుతున్నాను." కింద విద్యార్థి సంతకం, దాని కింద తండ్రి సంతకం. మా కాలేజీలోనూ ఉంది ఆ ఫారం, ఏళ్ల తరబడి జిరాక్స్ మీద జిరాక్స్ తీసి అక్షరాలు మసకబారిపోయింది. నేనే కొన్ని వందల మంది చేత సంతకాలు పెట్టించాను. ఆసుపత్రిలో హెచ్‌ఆర్ ఆయన ఫోన్‌లో ఫోటో తీసి చూపించింది అదే.

దాని బలం ఎంత? 18 నిండని విద్యార్థి సంతకం అయితే ఆ ఒప్పందం మొదటి నుంచే చెల్లదు. మైనర్ ఒప్పందం చెల్లదని, బ్రిటిష్ కాలంలో మనకు పై కోర్టుగా ఉన్న ప్రివీ కౌన్సిల్ 1903లో మోహరీ బీబీ కేసులో తేల్చింది, నేటికీ అదే చట్టం. అప్రెంటిస్ చట్టం కూడా ఇది గుర్తించే, మైనర్ తరఫున సంరక్షకుడు ఒప్పందం చేసుకోవాలని రాసింది. 18 నిండినవాడే సంతకం పెట్టాడనుకుందాం. చట్టం ఇచ్చిన పరిహారం హక్కును వదులుకుంటున్నట్టు రాయించుకుంటే ఆ మేరకు ఆ రాత చెల్లదని పరిహార చట్టమే అంటుంది. చట్టం పెట్టిన రక్షణను దాటవేసే ఒప్పందాన్ని కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 23 కూడా నిలబడనివ్వదు.

మరి ఎందుకు రాయించుకుంటారు? భయపెట్టడానికి. ఆ కాగితం కోర్టులో నిలవకపోయినా ఆసుపత్రి కారిడార్‌లో నిలుస్తుంది. అక్కడ నిలబడ్డ తండ్రి తన సంతకం చూసుకుని తల దించుకుంటాడు. మావాడి తండ్రి కూడా అలాగే దించుకున్నాడు. ఆ ఫారం పట్టుకొచ్చి సంతకం పెట్టించింది నేనేనని ఆయన అనలేదు, అది ఆయన మర్యాద.

ఇన్సూరెన్స్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అండర్‌టేకింగ్ తర్వాత కాలేజీలు పట్టుకునే రెండో కొమ్మ అదే. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు. మంచి పథకం, అందరూ తీసుకోవాల్సిందే. కానీ అది ఏం ఇస్తుందో చదవాలి. మరణానికి, పూర్తి వైకల్యానికి 2 లక్షలు. ఒక కన్నో ఒక చెయ్యో ఒక పాదమో పోతే లక్ష. వేలికి ఏమీ లేదు. ఆసుపత్రి బిల్లుకూ లేదు. పని చోట పిల్లలకు ఎక్కువగా తగిలేవి వేళ్లకు దెబ్బలు, కాలిన గాయాలు, కంట్లో పడే రజను. అవన్నీ ఈ బీమా బయటే ఉంటాయి. కాలేజీ విడిగా తీసుకునే బృంద ప్రమాద బీమాలో చికిత్స ఖర్చు ఉందా, "వృత్తిపర శిక్షణలో జరిగిన ప్రమాదం" మినహాయింపుల జాబితాలో ఉందా అన్న రెండు వాక్యాలు వెతికి చూసుకోవాలి. మాది చూశాం. మినహాయింపుల్లో ఉంది.

వయసు గీతలు

దీని మీద ఎక్కువ చెప్పక్కర్లేదు కానీ వదలలేం. 14 ఏళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు. కుటుంబ పనికీ బాల నటులకూ ఉన్న మినహాయింపులు వేరు. 14 నుంచి 18 మధ్య వాళ్లను గనుల్లో, పేలుడు పదార్థాల దగ్గర, ప్రమాదకర ప్రక్రియల్లో పెట్టకూడదు. 2016 సవరణ తర్వాత బాల కార్మిక చట్టం ఇది. ఉల్లంఘించిన యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20 నుంచి 50 వేల జరిమానా, లేదా రెండూ. మిగతా చోట్ల కౌమారుల చేత విశ్రాంతితో కలిపి రోజుకు ఆరు గంటలకు మించి పని చేయించకూడదు, రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా అసలు చేయించకూడదు. అప్రెంటిస్‌గా చేరడానికి కనీస వయసు 14, ప్రమాదకర పరిశ్రమల ట్రేడుల్లో 18. ఇంటర్ ఒకేషనల్ పిల్లలకు ఎక్కువమందికి పదహారు పదిహేడే ఉంటాయి. వాళ్లను రాత్రి షిఫ్టుకు రమ్మన్న చోట లెక్చరర్ మొదట చూడాల్సింది ఆధార్ మీద పుట్టిన తేదీ.

కమిటీ ఎవరిది?

ఆడపిల్లల విషయంలో చట్టం విచిత్రంగా స్పష్టంగా ఉంది. మిగతా అన్ని చోట్లా విద్యార్థి ఎవరన్న గందరగోళం ఉంటే, పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో తెచ్చిన చట్టం ఆ చిక్కును మొదటి పేజీలోనే విప్పేసింది. "ఉద్యోగి" అన్న నిర్వచనంలో ట్రైనీ, అప్రెంటిస్ అన్న మాటలు పేరుపెట్టి ఉన్నాయి. జీతం తీసుకున్నా తీసుకోకపోయినా ఒకటే. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఇలాంటి ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న యూనిట్ అయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు, కారణం చూపితే ఇంకో మూడు. కంపెనీ ఏర్పాటు చేసిన బస్సులో జరిగినా పని ప్రదేశంలో జరిగినట్టే.

చాలామంది లెక్చరర్లకు తెలియనిది ఇంకొకటి. యూజీసీ 2015 నిబంధనల్లో "క్యాంపస్" అంటే కాలేజీ ప్రహరీ గోడ దగ్గర ఆగదు. ఇంటర్న్‌షిప్‌కీ ఫీల్డ్ ట్రిప్‌కీ వెళ్లిన చోటు కూడా క్యాంపస్‌లో భాగమే. కాబట్టి కంపెనీ కమిటీ మీద నమ్మకం లేని డిగ్రీ విద్యార్థిని తన కాలేజీ కమిటీ తలుపు తట్టవచ్చు. "అక్కడ జరిగింది, అక్కడే చెప్పుకో" అనే వీలు కాలేజీకి లేదు. ఇక 18 లోపు పిల్లలైతే, ఆడపిల్ల అయినా మగపిల్లాడైనా, పిల్లల మీద లైంగిక నేరాలకు తెచ్చిన పోక్సో చట్టం వర్తిస్తుంది. తెలిసీ పోలీసులకు చెప్పకపోవడమే ఆ చట్టం కింద నేరం. సంస్థ అధిపతి అలా దాస్తే ఏడాది దాకా జైలు. "పిల్ల భవిష్యత్తు పాడవుతుంది, లోపల లోపలే సర్దుకుందాం" అనేవాళ్లు ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగాలి.

మొదటి వారం

చట్టం దెబ్బ తగిలాక వస్తుంది. దెబ్బ మాత్రం చాలాసార్లు కొత్తలోనే తగులుతుంది. ప్రాణాంతకం కాని పని గాయాలు 25 దాటినవాళ్లతో పోలిస్తే 15–24 ఏళ్ల వాళ్లలో 40 శాతం దాకా ఎక్కువని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో చెప్పింది. కారణం దూకుడు ఒక్కటే అనుకోను. అడగడానికి మొహమాటం. "ఇది కూడా తెలీదా?" అంటారేమోనన్న భయం.

ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. సేఫ్టీ అనగానే మన పిల్లలకు గుర్తొచ్చేది గ్లౌజులు. లేత్ దగ్గరో డ్రిల్లింగ్ మిషన్ దగ్గరో నిలబడ్డ కొత్త కుర్రాడు బుద్ధిగా గ్లౌజులు తొడుక్కుంటాడు. తిరిగే చక్ దగ్గర, తిరిగే బిట్ దగ్గర గ్లౌజు వేసుకోకూడదు. చర్మం గీసుకుంటే గీత పడుతుంది, గ్లౌజు దారం చుట్టుకుంటే చెయ్యి మొత్తం లోపలికి వెళుతుంది. పొడుగు చేతుల చొక్కా గుండీ, మెడలో ఐడీ కార్డు ట్యాగు, చున్నీ, విరబోసిన జుట్టు అన్నీ ఆ జాబితాలోవే. అదే షీట్ మెటల్ మోసేటప్పుడు గ్లౌజు లేకపోతే అరచెయ్యి చీరుకుపోతుంది. ఏ పనికి ఏది వేసుకోవాలో, ఏది తీసేయాలో పక్కన నిలబడి చెప్పే మనిషి కావాలి. గోడ మీద "సేఫ్టీ ఫస్ట్" బోర్డు ఆ పని చేయదు.

ఫ్యాక్టరీల చట్టంలో సెక్షన్ 23 అని ఒకటుండేది. 18 నిండనివాణ్ణి ప్రమాదకరమైన మిషను దగ్గర పెట్టాలంటే దాని ప్రమాదాలు పూర్తిగా చెప్పి ఉండాలి, తగిన శిక్షణ ఇచ్చి ఉండాలి లేదా ఆ మిషను బాగా తెలిసినవాడి పర్యవేక్షణలో ఉంచాలి. ఆ చట్టం స్థానంలో కోడ్ వచ్చింది సరే, నా మట్టుకు 18 దాటినవాడికి కూడా నేను అడిగేది ఇదే మూడు. చెప్పారా, నేర్పారా, పక్కన ఎవరున్నారు?

నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ పిల్లల సంగతి మరో రకం. వాళ్లకు గార్డు లేని మిషను కంటే వాడిన సూది భయం ఎక్కువ. హెపటైటిస్ బి టీకా వార్డులో అడుగుపెట్టక ముందే పూర్తి కావాలి. సూది గుచ్చుకుంటే సబ్బు నీళ్లతో కడిగి వెంటనే చెప్పాలి, ఎందుకంటే హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు కొన్ని గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి, 72 గంటలు దాటాక ఇచ్చి లాభం లేదు. "సిస్టర్ తిడుతుంది" అని రెండు రోజులు దాచిన పిల్లలు నాకు తెలుసు.

ప్రమాదం జరిగితే ఆ రోజే చేయాల్సిన పనులు కొన్నున్నాయి. ఆసుపత్రిలో "ఇంట్లో తలుపు సందులో పడింది" అని రాయించవద్దు. బిల్లు మేము కడతాం, అలా రాయించండి అని కంపెనీ మనిషి చెవిలో చెప్పడం మామూలే. ఆ ఒక్క వాక్యంతో శిక్షణ సమయంలో జరిగిందన్న ఆధారం మొత్తం కొట్టుకుపోతుంది. హాజరు రిజిస్టర్‌లో ఆ రోజు పేజీ, మిషను ఫోటో, పక్కన పనిచేసినవాళ్ల పేర్లు సాయంత్రంలోగా చేతిలో ఉండాలి. మర్నాటికి గార్డు బిగించి ఉంటుంది. మా ప్రెస్సుకు కూడా బిగించారు, కొత్త రంగుతో సహా.

మా కుర్రాడికి చివరకు కంపెనీ ఆసుపత్రి బిల్లు కట్టింది, చేతిలో పాతికవేలు పెట్టింది. తండ్రి తీసుకున్నాడు. దావా వేద్దామని నేనన్నాను, "వాడి సర్టిఫికెట్ ఆగిపోతుందేమో సార్, వద్దులెండి" అన్నాడాయన. పరీక్షలు ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటానన్నాడు కుర్రాడు. అవసరం పడలేదు, మధ్య వేలికీ బొటనవేలికీ మధ్య పెన్ను పట్టడం వచ్చేసింది.

ఆ ఏడాది పాత అండర్‌టేకింగ్ జిరాక్సులు చించేశాం. వీలైన కంపెనీలన్నిటినీ అప్రెంటిస్ ఒప్పందం చేసుకోమని అడిగాం. ముప్పై మంది, అంతకు మించి ఉన్న సంస్థలు తమ సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను ఎలాగూ పెట్టుకోవాలి కాబట్టి కొందరు ఒప్పుకున్నారు. ఒప్పుకోని చోటుకు వెళ్లే లెటర్‌లో కింద మూడు ఖాళీలు పెట్టాం: శిక్షణ ఇచ్చే వ్యక్తి పేరు, విద్యార్థి పనిచేసే మిషన్లు, ప్రమాదం జరిగితే చికిత్స ఖర్చు భరించేది ఎవరు. ఒక కంపెనీ మొదటి రెండు నింపి, మూడోది ఖాళీగా వదిలేసి పంపింది. మర్నాడు ఫోన్ చేసి, "మిగతా కాలేజీలేవీ ఇలా అడగట్లేదు సార్" అన్నారు. ఆ నలుగురు పిల్లల్నీ వేరే చోటికి పంపాం.